వేలున్నర

ఆరేళ్లుగా నీడలు తగ్గించుకుంటూ వచ్చాను.
మొదట గడ్డి పోయింది.
తర్వాత నీళ్లలో మబ్బులు.
ఆ మీదట దూరంగా నడిచే మనుషుల ముక్కూ మొహమూ.
పోయినేడు కొన్న ఆటలో
ఊరంతా నానిన అట్టపెట్టెలా కనబడుతుంటే
కస్తూరి వెనకనుంచి చూసి అడిగింది:
"కళ్లజోడు మార్చాల్సింది నీకా, దానికా?"

పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డర్ని నేను.
పగలంతా వెలుతురుకి మొహం చాటేసి బతికేవాణ్ణి.
రాత్రి పదింటికి ఓ రెండు గంటలు
తేరిపార చూడగలిగే వెలుతురు కావాలనుకోవడం
మరీ అంత దురాశా?

బోనస్ డబ్బుల్లో పిల్ల ట్యూషన్‌కి మూడువేలు పోగా,
టిఫిన్ డబ్బాలో దాచిన ఆరూ కలిపితే
ఇరవై వేల చిల్లర.

రిచీ స్ట్రీట్, శనివారం సాయంత్రం.
ఒకడు పక్కకి తిరిగితే గానీ ఇంకొకడు పోలేని సందు.
అన్వర్ బాయ్ కొట్లో రెండు కార్డులు నా ముందుకొచ్చాయి.

కొత్తది పొట్టిది. రెండు ఫ్యాన్లు, ఎనిమిది జీబీ,
మూడేళ్ల వారంటీ, ఇరవై వేల అయిదొందలు.
చంకనెక్కే పిల్లలా క్యాబినెట్లో ఒదిగిపోతుంది.

పాతది మూడు ఫ్యాన్లది. పన్నెండు జీబీ, పదహారున్నర.
బిల్లు లేదు, పెట్టె లేదు.
ఎవడి గదిలో రాత్రింబవళ్లు ఏ కాయిన్లు తవ్వి వచ్చిందో
దాని నోటితో అది చెప్పదు.

కస్తూరి కుట్టుమిషను టేపు జేబులోనే ఉంది.
కార్డు మూడొందల నాలుగు మిల్లీమీటర్లు.
ఇంట్లో చోటు రెండొందల ఎనభై.
వేలున్నర తేడా.
ఆ వేలున్నర దగ్గర రెండు టీలు తాగాను.

"వెనక ప్లేటు విప్పు బాయ్."
వింతగా చూశాడు గానీ విప్పాడు.
ఫోను లైటు కింద అతుకులు చూసుకుంటూ పోయాను.
చిప్పు చుట్టూ బెల్లప్పాకంలా గడ్డకట్టిన పేస్టు,
ఎవరింటి పిల్లిదో ఒక తెల్ల వెంట్రుక.
రెండోసారి కాల్చిన జాడ మాత్రం లేదు.
మళ్లీ కాల్చిన అతుకు నా కంట పడకుండా పోదు.
పద్దెనిమిదేళ్లలో నేను గట్టిగా నేర్చింది అదొక్కటే.

అరగంటసేపు తెర మీద
బొచ్చు మొలిచిన గారె ఒకటి గిరగిరా తిప్పి చూపించాడు.
డెబ్బై ఆరు డిగ్రీలు. దాటలేదు.

"నా పవర్ సప్లై అయిదొందల యాభై వాట్లు. చాలుతుందా?"
"పోదుం," అని, ఒక్క క్షణం ఆగి, "ఆనా..." అన్నాడు.
ఆ 'ఆనా' నాతోపాటు బస్సెక్కి
అయనావరం దాకా వచ్చింది.

ఆదివారం పొద్దున్న డాబా మీద
క్యాబినెట్‌ని గుల్ల చేసి బోర్లించి
హార్డ్ డిస్కులు పెట్టే రేకు గూడుని గ్రైండరుతో కోశాను.
నిప్పురవ్వలకి భయపడి
కింద వాటా ధనకోటమ్మ గారు వడియాలు ఎత్తుకుపోయారు.
"వారమంతా కోసిన రైలుపెట్టెలు చాల్లేదా?" అంది కస్తూరి,
అంటూనే రేకు రెండో కొస పట్టుకుంది.
అంచు ఆకురాయితో నున్నగా రుద్దాను.
రేపు పిల్ల చెయ్యి పెట్టినా తెగకూడదు.

బిగించాను. స్విచ్చి వేశాను.
తెర నలుపు.
గుండె జారి డాబా మెట్లన్నీ దిగింది.
పిల్లే చెప్పింది, కార్డుకి వైరు పెట్టలేదని.

రాత్రి నీడల గీతని
ఆ కొసదాకా జరిపాను, మొదటిసారి.
పాత ఆటే. రేవు, వాన వెలిసిన రాత్రి.
ఓడ పక్కన ఒక మనిషి వెల్డింగు చేస్తున్నాడు.
ఇన్నాళ్లూ అక్కడ తెల్లటి మరక ఉండేది, అంతే.
ఇప్పుడు తడినేల మీద నీలం పాకింది,
వాడి వీపు వెనక తాడు నీడ
సన్నగా, ఊగుతూ.
ఆ నీలం అచ్చం మా నీలం కాదు,
మాది అంచున కాస్త ఊదా.

అయినా
నా తల దానంతటదే పక్కకి తిరిగింది.

కస్తూరి చూసింది. నవ్వలేదు.
లేచి వెళ్లి కొక్కేనికున్న నా నల్లద్దం తెచ్చి
కీబోర్డు పక్కన పెట్టింది.